పెంట అంటే చెత్తేనా?

బరంపురం నుంచి:
మా తాత పేరు పెంటయ్య. మొన్న స్కూల్లో వంశవృక్షం రాసుకురమ్మంటే మా పాప ఆ పేరు రాయనంది. అది చెత్త పేరట. నిజంగా పెంట అంటే చెత్తేనా, ఎరువు కాదా? ఒడియా నుంచి వచ్చిన మాటా?

పర్లాకిమిడి నుంచి:
చెత్తేనండి, దాచడం ఎందుకు? "అంతా పెంట చేశావు" అని తిట్టేవాళ్ళు ఎరువుని తలచుకుని తిడతారా? ఇక ఒడియా వాళ్ళతో తరతరాలుగా కలిసి బతుకుతున్నాం. మాట కూడా అటునుంచే వచ్చి ఉంటుంది.

గుణుపురం నుంచి:
ఒడియా మాట కాదండి. వాళ్ళు చెత్తని అళియా అంటారు, ఎరువుని ఖత అంటారు. మరాఠీలోనూ ఎరువు ఖతే. ఎరువుకి మనమనే గెత్తం ఆ ఖతకి చుట్టం అంటే నేను వాదించను. పెంట మాత్రం తెలుగింటి మాటే. మనం పేడ అనేదాన్ని తెలంగాణలో పెండ అంటారు. పాత తెలుగులో మూండు మూడైనట్టు, పెండలో సున్న జారిపోయి పేడ అయింది. ఆ రెండింటి పక్కన పెంటని పెట్టి చూడండి, ఒక తల్లి పిల్లల్లా లేవూ?

పెంట అంటే ఏమిటో మా ఇంట్లో చూశాను. పొద్దున్నే పశువుల సాల తీసి పేడ, పశువులు తినగా మిగిలిన గడ్డి, పొయ్యిలో బూడిద, వాకిలి తుడిచిన తుక్కు అన్నీ ఆ పోగు మీదే వేసేవాళ్ళం. అది వానల్లో నాని, చలికాలమంతా కుళ్ళి, ఎండాకాలానికి నల్లటి మట్టిలా అయ్యేది. ఏరువాకకి ముందే బళ్ళ మీద పొలానికి తోలేవాళ్ళు. గాజుపెంకు కానీ ముల్లు కానీ అందులో పడితే మా అమ్మ ఊరుకునేది కాదు. రేపు దమ్ములో ఎవరి కాలికో దిగుతుందని అమ్మ భయం. పారేసే చెత్త గురించి ఎవరైనా అంత జాగ్రత్త పడతారా?

తర్వాత యూరియా బస్తాలు వచ్చాయి, పశువుల్ని అమ్మేశారు. ఇప్పుడు ఆ పోగు మీద ప్లాస్టిక్ కవర్లే. వస్తువు పాడైంది కాబట్టి మాట పాడైంది. తిట్టే మిగిలింది.

పర్లాకిమిడి నుంచి:
ఎరువు సంగతి ఒప్పుకుంటాను. పేరు సంగతి చెప్పండి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డని పెంట మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెంటయ్య, పెంటమ్మ అని పెట్టేవారు. చావు ఆశపడకూడదనే కదా? అంటే అప్పటికే అది నీచమైన మాట.

గుణుపురం నుంచి:
మీ మాటలో బలం ఉంది. చావుకి చూపించేటప్పుడు అది పారేసిన చోటే. అదే ఇంటాయన మర్నాడు ఆ పోగుని చూసి ఎన్ని బళ్ళవుతుందో లెక్కేసుకునేవాడు. రెండర్థాలూ పక్కపక్కనే బతికాయి. నల్లమలలో చెంచుల గూడేల్ని పెంటలనే పిలుస్తారు. అక్కడ తిట్టు ఎక్కడుంది? మంద నిలిచిన చోట పేడ పోగవుతుంది, పక్కన గుడిసెలు లేస్తాయి, ఆ చోటికి ఆ పేరే పడుతుంది. నా ఊహ అది.

బరంపురం నుంచి:
ఇదంతా పాపకి చదివి వినిపించాను. తాతకి ఆ పేరు ఎందుకు పెట్టారో వాళ్ళ నాయనమ్మని అడిగింది. తాత కంటే ముందు ముగ్గురు పోయారట. నాకూ ఇన్నాళ్ళూ తెలియదు. వంశవృక్షంలో ఆ ముగ్గురికీ మూడు ఖాళీ గళ్ళు గీసి, పక్కన పెంటయ్య అని రాసింది.