నొప్పి కన్నా "నేను దేనికీ పనికిరాను" అన్న మాటే ఎక్కువ భయపెడుతోంది

ప్రశ్న:
మా అమ్మాయికి 15 ఏళ్లు. ఏడాది దాటింది, నడుము, కాళ్లు ఒకటే నొప్పి. రిపోర్టులన్నీ నార్మల్, డాక్టరు గారు క్రానిక్ పెయిన్ (నెలల తరబడి ఉండిపోయే నొప్పి) అన్నారు. స్కూలుకి వారంలో సగం రోజులు వెళ్తే గొప్ప. ఫ్రెండ్స్ కూడా పిలవడం మానేశారు. మొన్న "నా వల్ల అందరికీ టెన్షనే, నేను దేనికీ పనికిరాను" అంది. తనకి ఏ పనీ చెప్పకుండా రెస్ట్ ఇవ్వాలా, లేక కాస్త గట్టిగా ఉండాలా? ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు.

జవాబు 1:
ఫిజియోథెరపీ చేస్తాను కాబట్టి చెప్తున్నా. రిపోర్టులు నార్మల్ అంటే నొప్పి లేదని కాదండీ. 3 నెలలు దాటి ఉండిపోయిన నొప్పిలో చాలాసార్లు నరాలు, మెదడు అతిగా స్పందించడం మొదలుపెడతాయి, చిన్న కదలికకి కూడా నొప్పి సిగ్నల్ పెద్దదిగా వస్తుంది. పూర్తి రెస్ట్ ఇస్తే కండరాలు బలహీనపడి, నిద్ర చెడి ఇంకా కష్టమవుతుంది. అలాగని బలవంతంగా చేయించొద్దు. ఈ పిల్లలు బాగున్న రోజు అన్నీ చేసేసి తర్వాత మంచానపడతారు. నడక, చదువు, ఏదైనా సరే, నొప్పి ఎక్కువున్న రోజు కూడా చేయగలిగినంతతో మొదలుపెట్టి, బాగున్న రోజు కూడా అంతే చేయించి, మెల్లగా పెంచండి. ఒక్క విషయం ముందే చెప్పండి తనకి: చాలామందిలో రోజువారీ పనులు ముందు మెరుగవుతాయి, నొప్పి తర్వాత తగ్గుతుంది. నొప్పి పోయాకే జీవితం అనుకుంటే ఎదురుచూపులతోనే సరిపోతుంది.

జవాబు 2:
ఆ వయసులో నాకూ ఇదే. నొప్పి కంటే "ఫోన్ చూసేటప్పుడు రాదా నొప్పి?" అన్న మాట ఎక్కువ గుచ్చుకునేది. నమ్ముతున్నామని ఒక్కసారి గట్టిగా చెప్పండి, ఆ తర్వాత గంటగంటకీ "ఎలా ఉంది" అని అడగొద్దు, అడిగిన ప్రతిసారీ ధ్యాస అక్కడికే పోతుంది. ఇంట్లో నిజంగా అవసరమైన పని ఒకటి తన చేతిలో పెట్టండి, తను చేయకపోతే ఆగిపోయేలాంటిది. ఉత్తుత్తి పని ఇస్తే కనిపెట్టేస్తారు, అది మరీ అవమానం.

ప్రశ్న అడిగినవారు:
అడగకపోతే పట్టించుకోవట్లేదు అనుకోదా?

జవాబు 2:
నొప్పి గురించి అడగనంత మాత్రాన అలా అనుకోదు, అసలు మాట్లాడటమే మానేస్తే అనుకుంటుంది. క్లాసు గురించో, చూస్తున్న సీరీస్ గురించో అడగండి. భరించలేనప్పుడు తనే చెప్పేలా ఒక గుర్తు మాట ఇద్దరూ ముందే అనుకోండి. ఫ్రెండ్స్ విషయంలో మాత్రం, ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఒక్కరు ఇంటికొచ్చి కాసేపు కూర్చున్నా చాలు.

జవాబు 3:
పైవాళ్లు చెప్పింది బాగుంది కానీ "పనికిరాను" అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కాదన్నా సరే, నొప్పి మీద పనిచేసే సైకాలజిస్టుని కలవండి. సీబీటీ అనే థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) ఈ పిల్లలకి ఉపయోగపడుతుంది. "నొప్పి అంతా నీ మనసులోనే ఉంది" అని పంపిస్తున్నట్టు మాత్రం అనిపించనివ్వొద్దు. స్కూల్లో కూడా మాట్లాడండి, మధ్యలో లేచి నడవడానికి, పరీక్షలో అదనపు టైముకి ఒప్పుకుంటే తను స్కూలుకి వెళ్లగలిగే రోజులు పెరగొచ్చు.