ఇంటిపేరు ముందా, వెనకా?

వియ్యాలవారు: అమెరికాలో ఉన్న మా అమ్మాయికి వచ్చే నెల పురుడు. ఇంటిపేరు చివర రాయిద్దామని అల్లుడు, ముందే ఉండాలని వియ్యంకుడుగారు. బిడ్డ పేరే ఇంకా ఖాయం కాలేదు, దాని తోక గురించి రెండిళ్లలో పంచాయితీ. మీరేమంటారు?

పాతబడి పంతులు: ముందే ఉండాలి. ఇది పట్టుదల కాదు, వ్యాకరణం. మన ఇంటిపేర్లు చాలావరకు ఊరిపేర్లే. తంగుటూరు నుంచి కదిలిన కుటుంబం తంగుటూరివారు, వేమూరు నుంచైతే వేమూరివారు, చివర ‘పాడు’ ఉంటే ‘పాటి’. ‘ప్రకాశం తంగుటూరి’ అని చదివి చూడండి, ‘తంగుటూరి... ఏమిటి?’ అని అడగాలనిపిస్తుంది. ఆయన పుట్టింది వినోదరాయునిపాలెంలో. గురజాడ కృష్ణా జిల్లా ఊరు, అప్పారావుగారు పుట్టింది ఆనాటి విశాఖ జిల్లా ఎస్. రాయవరంలో. మనిషి ఎక్కడ పుట్టినా వంశం ఎక్కడిదో మొదటి మాటే చెబుతుంది.

కోడ్ రాసే కోడలు: మీ వ్యాకరణం వీసా ముద్రించే యంత్రానికి తెలియదు కదా పంతులుగారూ! సర్వేపల్లి రాధాకృష్ణన్ పుస్తకాలు విదేశీ గ్రంథాలయాల్లో ‘రాధాకృష్ణన్’ కింద ఉంటాయి. ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్‌వి ‘గోపాల్’ కింద. జాబితా చూసి వాళ్లు తండ్రీకొడుకులని ఎవరు చెప్పగలరు? గణాంక శాస్త్రం చదివినవారందరికీ క్రామర్-రావు అసమానత అనే సూత్రం తెలుసు. అందులోని రావు, అంటే గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి ఇంటిపేరు కల్యంపూడి అని ఎందరికి తెలుసు? ఇక నా సంగతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, పేరంతా పక్క గడిలో కుక్కారు. అమెరికా వీసాలో ఆ మొత్తం ఇంటిపేరైపోయి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడింది. పేరు తెలియదని దాని భావం. ఆఫీసులో కొందరు నన్ను ‘ఫ్నూ’ అనే పిలిచేవారు. చివర పెట్టండి, పీడ వదులుతుంది.

గల్ఫ్ బావ: గడి నింపడం వేరు, వరుస వేరు. 2022 నవంబరులో యూఏఈ, ఒంటిపేరు పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమంది. అప్పుడు మావాళ్లు పడిన ఉరుకులు పరుగులు నేను చూశాను. కంగారులో కొందరు ఆ గడిలో ‘రెడ్డి’ అనో ‘రావు’ అనో రాయించేశారు. అవి ఇంటిపేర్లా? అన్నకు ‘రెడ్డి’, తమ్ముడికి అసలు ఇంటిపేరు. ఒకే తల్లి బిడ్డలమని రుజువు చేసుకోవడానికి కాగితాలు పట్టుకుని తిరగాలి. ఇంటిపేరు గడిలో ఇంటిపేరే రాయండి. పిలిచేటప్పుడు ముందు పెట్టుకుంటారో వెనక పెట్టుకుంటారో మీ ఇష్టం.

పాతబడి పంతులు: బావగారి మాట సబబే. వెనక పెట్టకపోతే లోకం ఒప్పుకోదంటే మాత్రం నేనొప్పుకోను. పి.వి. సింధు బ్యాడ్మింటన్ ఆడేటప్పుడు స్కోరుబోర్డు చూడమ్మా, ఇంటిపేరు పుసర్ల ముందే ఉంటుంది. జపాన్ ప్రభుత్వం 2020 నుంచి ఇంగ్లిషు పత్రాల్లోనూ తమవారి ఇంటిపేరే ముందు రాస్తోంది.

కోడ్ రాసే కోడలు: జపాన్‌వాళ్ల వెనక వాళ్ల ప్రభుత్వం ఉంది. ఆసుపత్రిలో ఫారం పట్టుకొచ్చే నర్సుకు ఈ చరిత్రంతా చెప్పే ఓపిక బాలింతకు ఉంటుందా?

వియ్యాలవారు: ఫారం అల్లుడి ఇష్టం, బారసాల పిలుపు వియ్యంకుడుగారి ఇష్టం అని సర్దుకున్నాం. ఇప్పుడు మా అమ్మాయి, ‘మోసేది నేను, పుట్టింటి పేరు కూడా మధ్యలో చేర్చండి’ అంటోంది. దీనికి వ్యాకరణం ఏమంటుందో పంతులుగారు చెప్పాలి.