ప్లైవుడ్ డెక్ మీది ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ పొర చెక్క చెడకుండా తీయడం ఎలా?

ప్రశ్న:
నాది 19 అడుగుల పాత చెక్క తెరచాప పడవ. డెక్ (పడవ పై తట్టు) 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్. దాని మీద నాకంటే ముందు ఎవరో గ్లాస్ క్లాత్ (గాజు నూలు గుడ్డ) పరిచి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టించారు. ఇప్పుడు తెరచాప స్తంభం మొదట్లో పొర లేచింది. సుత్తి పిడితో తడితే అక్కడ డొల్లగా మోగుతోంది. కాలితో నొక్కితే స్క్రూ పక్కనుంచి టీ రంగు నీళ్లు ఊరుతున్నాయి. మిగతా చోటంతా రాయిలా పట్టుకుని ఉంది. నిన్న గ్రైండర్‌కి 40 నంబరు డిస్కు తగిలించి ఒక జానెడు గీకానో లేదో, ప్లైవుడ్ పై పొర పోయి అడ్డంగా ఉన్న కింది పొర బయటపడింది. గుండె గుభేలుమంది, ఆపేశాను. ఎసిటోన్ పోస్తే మరకైనా పడలేదు. ఈ పడవను పారేయలేను. దారి చెప్పండి.

జవాబు 1:
గ్రైండర్ ముందు పక్కన పెట్టండి. ఎసిటోన్ పచ్చి ఎపాక్సీని తుడవడానికే, గట్టిపడ్డాక పనిచేయదు. దాన్ని లొంగదీసేది వేడి. మామూలుగా వాడే ఎపాక్సీలు చాలావరకు 50-70 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడడం మొదలుపెడతాయి.

లేచిన అంచు దగ్గర మొదలుపెట్టండి. హీట్‌గన్ ఒకేచోట నిలపకుండా అరచేయంత మేర ఆడిస్తూ ఉండండి. పుట్టీ బ్లేడు మూలలు ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, లేకపోతే చెక్కలో దిగబడుతుంది. బ్లేడు కొద్దిగా లోపలికి జారగానే క్లాత్ అంచును ప్లయర్‌తో పట్టుకుని, వెనక్కి మడిచి, నిదానంగా లాగండి. పాత గుడ్డ చిరిగినట్టు చప్పుడు చేస్తూ పట్టీలుగా వస్తుంది. చెక్క పీచు కూడా లేచి వస్తుంటే వేడి చాలలేదని, పొగ వస్తుంటే ఎక్కువైందని అర్థం.

జవాబు 2:
ఆ పొగకు దుమ్ము మాస్కు చాలదు. రసాయన ఆవిర్లను పట్టే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు వేసుకోండి. పాత రంగు ఉంటే అందులో సీసం ఉందేమో ముందు పరీక్షించుకోండి. గ్లాస్ నూగు ఒంటికి అంటితే రుద్దకండి, చన్నీళ్లతో కడగండి. పెయింట్ రిమూవర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, చెక్కలోకి ఇంకితే రేపు కొత్త ఎపాక్సీ పట్టదు.

జవాబు 3:
రాయిలా ఉన్నదాన్ని ఎందుకు పీకాలండీ? తడి ఎంతవరకు పాకిందో అంతవరకు, ఆపైన ఒక జానెడు తీయండి, చాలు. మిగిలిన పొర అంచును ఏటవాలుగా, మందానికి 12 రెట్ల వెడల్పున గీకితే కొత్త క్లాత్ దానిమీద అతుకుతుంది. కానీ చెక్కలో తేమ 12 శాతం లోపుకు దిగేదాకా ఏమీ పూయకండి. తడిని మూసేస్తే లోపల కుళ్లుతుంది.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు నాలుగు గంటల్లో చాపంత మేర తీశాను. మొదటి పట్టీ చిరిగింది, రెండోది మూరెడు పొడవున ఒకేసారి వచ్చింది. దాని అడుగున చెక్క ముద్ర అచ్చు దిగినట్టుంది. తడి ఎక్కడనుంచి వచ్చిందో కూడా దొరికింది. స్తంభం దగ్గరి నాలుగు స్క్రూ రంధ్రాలు లోపల పచ్చి చెక్కే, ఒక్కదానికీ ఎపాక్సీ పట్టించలేదు. వాటి చుట్టూ నల్లగా ఉంది, స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే రెండుచోట్ల మెత్తగా దిగింది. ఆ రెండు ముక్కలూ కోసి కొత్తవి వేస్తాను. మిగతా రంధ్రాలు పెద్దవి చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ తొలుస్తాను. ప్రస్తుతానికి పైన టార్పాలిన్ ఎత్తుగా కట్టి గాలికి వదిలేశాను.