రసాయన ఆయుధాలన్నీ అప్పగించేశామని ఒక దేశం చెబితే, అది నిజమేనని ఎలా తేలుస్తారు?

రాయగడ_నీళ్ళప్లాంటు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ, మంచినీళ్ళ ప్లాంటులో క్లోరిన్ సెక్షన్‌లో పని చేస్తాను. టన్నర్ (దాదాపు టన్ను క్లోరిన్ పట్టే పెద్ద సిలిండర్) మార్చడం, వాల్వ్ దగ్గర అమ్మోనియాలో తడిపిన దూది పెట్టి తెల్లపొగ వస్తుందేమో చూడటం, వాసన తగిలితే మాస్కు వేసుకుని లోపలికి వెళ్ళడం, ఇదీ మా డ్యూటీ. ఈమధ్య సేఫ్టీ ట్రైనింగ్‌కి వచ్చినాయన ఒక మాట చెప్పాడు, అప్పటినుంచీ అదే తిరుగుతోంది బుర్రలో. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్లు వేల సిలిండర్లు తెరిచి శత్రువు కందకాల మీదికి వదిలింది ఈ క్లోరినేనట. ఇంకొకటి, మన దేశం దగ్గర కూడా మస్టర్డ్ గ్యాస్ (ఒంటిని బొబ్బలెక్కించే విషం) ఉండేదని, 2009 నాటికి మొత్తం నాశనం చేసేశారని. ఇది నిజమేనా? నేనెప్పుడూ వినలేదు.

నా అనుమానం ఏమిటంటే, మా దగ్గర ఒక్క టన్నర్ లీకైతే చుట్టుపక్కల ఇళ్ళు ఖాళీ చేయించాలి, గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, అంత టెన్షన్. అలాంటిది వేల టన్నుల విషం, అదీ బాంబుల్లో, రాకెట్లలో నింపి ఉన్నది, ఎవరు కాపలా కాస్తారు, ఎక్కడ విప్పుతారు, విప్పిన తర్వాత ఏం చేస్తారు? అన్నిటికంటే ముఖ్యంగా, ఒక దేశం మొత్తం ఇచ్చేశాం అంటే ఎలా నమ్ముతారు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, మా షిఫ్టులో నలుగురం ఇదే మాట్లాడుకుంటున్నాం.

పర్లాకిమిడి_మాస్టారు:
తమ్ముడూ, మన దేశం సంగతి నిజమే. 1992 ఆగస్టులో భారత్, పాకిస్తాన్ కలిసి మా దగ్గర రసాయన ఆయుధాలు లేవని ఉమ్మడి ప్రకటన చేశాయి. 1993 జనవరిలో రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం సంతకాలకు వచ్చింది, అది 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. చేరిన ప్రతి దేశం తన దగ్గరున్నది రాసి ఇవ్వాలి కాబట్టి ఆ జూన్‌లో మన ప్రభుత్వమే 1,044 టన్నుల మస్టర్డ్ ఉందని చెప్పింది. 2009లో ఆఖరి కిలో వరకూ నాశనం చేశాం. ముందు లేదని, తర్వాత ఉందని అన్నందుకు బాధ ఉండొచ్చు, కానీ చెప్పిన తర్వాత చెప్పినంతా చేసిన దేశాల్లో మనం మొదటి వరసలో ఉన్నాం, అది చిన్న విషయం కాదు.

ఇక ఎలా చేస్తారు అన్నది. కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి కాబట్టి నాకు ఇష్టమైన భాగం ఇదే. పెద్ద దారులు రెండు. ఒకటి, బాగా వేడి కొలిమిలో కాల్చడం. రెండోది, విషాన్ని నీళ్ళతోనో కాస్టిక్ సోడాతోనో చర్య జరిపించి దాని గుణం పోగొట్టడం. మస్టర్డ్‌ని వేడినీళ్ళతో విరగ్గొట్టొచ్చు, నరాల్ని దెబ్బతీసే విషమైన సారిన్‌ని కాస్టిక్‌తో. మీ దగ్గర లీకైన క్లోరిన్‌ని కాస్టిక్‌లోకి పంపిస్తారు చూడు, అలాంటి పనే, కాకపోతే సారిన్ కొద్దిగా పీల్చినా ప్రాణం పోతుంది కాబట్టి మనిషి చెయ్యి తగలకుండా యంత్రాలే చేస్తాయి.

రసాయనం కంటే కష్టమైనది దాని చుట్టూ ఉన్న ఇనుము, మందుగుండు. అమెరికా ఎం55 రాకెట్లే తీసుకో. ఒక పక్క సారిన్, ఇంకో పక్క రాకెట్ మందు, మధ్యలో పేలుడు పదార్థం, అన్నీ ఒకే గొట్టంలో. ఏళ్ళ తరబడి గోదాములో పడి ఉంటే సారిన్ అల్యూమినియాన్ని తినేసి కారుతుంది. కెంటకీ రాష్ట్రం బ్లూ గ్రాస్ డిపోలో ఇలాంటివి ఉండేవి. అక్కడే ఉన్న మస్టర్డ్ నింపిన ఫిరంగి గుండ్లలో లోపలి సరుకు గడ్డకట్టి బయటికి రానంటే, వాటిని విప్పకుండానే మూసిన ఉక్కు గదిలో వేడితో పేల్చారు. కొలరాడోలోని ప్వెబ్లోలో 7 లక్షల 80 వేల గుండ్లు, వాటిలో ఎక్కువభాగాన్ని ఒక్కొక్కటిగా యంత్రంతో విప్పి, కడిగి, ఆ నీళ్ళని సూక్ష్మజీవులకు తినిపించారు. ఒప్పందం ఇచ్చిన గడువు 2007, తర్వాత 2012కి పొడిగించారు, అమెరికా ఆఖరి రాకెట్ పూర్తిచేసింది 2023 జూలై 7న. రష్యా దాదాపు 40 వేల టన్నులతో 2017 సెప్టెంబర్‌లో ముగించింది. ప్రపంచం మొత్తం మీద దేశాలు ఒప్పుకున్నది 72 వేల టన్నులకు పైనే, ఇప్పుడు అదంతా అయిపోయింది.

అమెరికాకి ఎందుకంత ఆలస్యం అంటే డబ్బు, సాంకేతికం ఒక కారణం, ఊరివాళ్ళు ఇంకో కారణం. 1980ల్లో సైన్యం బ్లూ గ్రాస్‌లో కాల్చేస్తామంది. ఆ పక్క పల్లెలవాళ్ళు మా పిల్లలు చదివే బడి దగ్గర పొగగొట్టం పెట్టనివ్వం అని పట్టుబట్టారు, కాల్చకుండా చేసే పద్ధతి వెతకమన్నారు, 1996లో వాళ్ళ పార్లమెంటైన కాంగ్రెస్ ఆ మేరకు చట్టం చేసింది. వాళ్ళు ఆపమనలేదు, జాగ్రత్తగా చెయ్యమన్నారు. నాకు వాళ్ళ మీద చాలా గౌరవం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరిన్ ఆవిరి ఊరి మీదికి వచ్చిన రోజు మనకి గుర్తుంది కదా. పక్కన ఏముందో, తేడా వస్తే ఎటు పరిగెత్తాలో ఆ జనానికి ఎవరూ చెప్పలేదు.

గోపాలపురం_అల:
మాస్టారూ, మీరు పాత పద్ధతి చెప్పలేదు, నేను చెబుతాను. మాది గోపాలపురం దగ్గర తెలుగు జాలరి పేట, నాన్న, బాబాయిలు అందరూ వేటకెళ్ళేవాళ్ళే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ మిగిల్చిన రసాయన ఆయుధాల్ని వేల టన్నుల లెక్కన బాల్టిక్ సముద్రంలో పారేశారు. సముద్రం పెద్దది, పోతుందిలే అనుకున్నారు. మస్టర్డ్ చల్లటి నీళ్ళలో పోదు, పైన గట్టి పొర కట్టుకుని లోపల మెత్తగా అలాగే ఉంటుంది. డెన్మార్క్ వాళ్ళ బోర్న్‌హోమ్ దీవి దగ్గర ట్రాల్ వలల్లో ఆ ముద్దలు చేపలతో కలిసి పైకొస్తుంటాయి. డెక్ మీద అది ఏమిటో తెలియక పట్టుకున్నవాళ్ళ చేతులు బొబ్బలెక్కిపోయాయి. పడేసినవాళ్ళు ఎవరో, ఆ బొబ్బలు ఎవరికో! అమెరికా కూడా 1960ల చివర్లో పాత ఓడల్లో నింపి అట్లాంటిక్‌లో ముంచేసింది. ఇప్పటి ఒప్పందం నీళ్ళలో పారెయ్యడం, పాతిపెట్టడం, బయట బహిరంగంగా తగలబెట్టడం మూడూ నిషేధించింది. ఇది సంతకం పెట్టినవాళ్ళ కంటే మావాళ్ళలాంటి జనానికి ఎక్కువ పనికొచ్చే రూలు.

గుణుపురం77:
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒకటి అడుగుతా. ఉక్రెయిన్ దగ్గర సోవియట్ వదిలేసిన దూరశ్రేణి అణు వార్‌హెడ్లు 1,900 దాకా ఉండేవి. 1994లో బుడాపెస్ట్‌లో కాగితం మీద హామీలు తీసుకుని 1996కల్లా అన్నీ రష్యాకి పంపించేసింది. తర్వాత ఆ రష్యాయే మీద పడింది. లిబియా పాలకుడు గద్దాఫీ 2003లో ఇలాంటి ఆయుధాలన్నీ వదులుకుంటానని ప్రకటించాడు, 2011లో ఏమైందో చూశాం. ఇచ్చేసినవాడే నష్టపోతున్నాడు, దాచుకున్నవాడు బాగున్నాడు. ఈ ఒప్పందాల్ని నమ్మమని ఎలా చెబుతారు?

డిపో_రిటైర్డ్_బరంపురం:
గుణుపురం బాబూ, ఉక్రెయిన్ బాధ నిజమైనది, దాన్ని కొట్టిపారెయ్యను. మాటిచ్చినవాడు తప్పాడు. కానీ ఆ వార్‌హెడ్లు పేల్చే కోడ్‌లు మాస్కో చేతిలో ఉండేవి, వాటిని పోషించే డబ్బు కూడా అప్పట్లో కీవ్‌కి లేదు. రసాయన ఆయుధాల సంగతి వేరు, అవి కారడం మొదలైతే ముందు చచ్చేది సొంత సైనికులు, డిపో పక్క ఊరు. నేను సర్వీసంతా మందుగుండు గోదాముల్లో చేశాను, మామూలు గుండ్లే. పాతబడిన సరుకు పక్కన నిద్రపట్టదు.

రాయగడ అబ్బాయి అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే నాశనం చెయ్యడం కంటే లెక్క తేల్చడమే కష్టం అని నా నమ్మకం. ఇరాక్‌నే చూడు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, అల్ ముథన్నా అనే చోట వాళ్ళ ఎదురుగా కొంత సరుకు నాశనమైంది. కానీ అదే ఏడాది వేసవిలో ఇరాక్ కొంత సరుకుని ఎవరికీ చెప్పకుండా తనంతట తనే ధ్వంసం చేసింది. సాక్షి లేడు, రిజిస్టర్ లేదు, సీలు లేదు. 1995లో సద్దాం అల్లుడు జోర్డాన్ పారిపోయాక ఒక కోళ్ళఫారంలో పెట్టెలకొద్దీ కాగితాలు బయటపడ్డాయి. అప్పటినుంచి ఇరాక్ ఏమీ లేదన్నా ఎవరూ నమ్మలేదు, నమ్మించడానికి వాళ్ళ దగ్గర రుజువూ లేదు. 2003లో దాడి జరిగింది, తర్వాత వెతికితే దాడికి కారణంగా చెప్పిన నిల్వలు దొరకలేదు. దాడి చేసినవాళ్ళ తప్పుని నేను మాఫీ చెయ్యడం లేదు. స్టోర్ కీపర్‌గా మాత్రం ఒకటి చెప్పగలను, ఎదురుగా లెక్కపెట్టకుండా పారేసిన సరుకు పుస్తకంలో ఉన్నట్టే.

దక్షిణాఫ్రికా దానికి పూర్తిగా ఎదురు. ఆరు అణుబాంబులు సొంతంగా చేసుకుని, సొంతంగా విప్పేసి, 1991లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. బాంబులు ఉండేవని అధ్యక్షుడు డి క్లర్క్ లోకానికి చెప్పింది 1993 మార్చిలోనే. అయినా అంతర్జాతీయ అణుశక్తి సంస్థవాళ్ళు నమ్మగలిగారు, ఎందుకంటే ఎంత యురేనియం తయారైంది, ఎక్కడికి వెళ్ళింది అన్న ప్లాంటు రికార్డులు చూపించారు, మనుషుల్ని మాట్లాడనిచ్చారు, ఏ గది అడిగితే ఆ గది తెరిచారు.

దాచిపెట్టకపోయినా లెక్క తప్పుతుంది, అది ఇంకో బాధ. అల్బేనియాలో పాత కమ్యూనిస్టు ప్రభుత్వం కొండల్లో బంకర్‌లో దాచిన 16 టన్నులు ఆ తర్వాతి ప్రభుత్వాలకే తెలియవు, దొరికాక ఒప్పుకుని 2007లో మొట్టమొదట పూర్తిచేసిన దేశం అయింది. చైనాలో జపాన్ సైన్యం 1945లో వదిలి పారిపోయిన గుండ్లు ఇంకా తవ్వుతూనే ఉన్నారు. 2003 ఆగస్టులో చిచిహార్‌లో పునాది తవ్వుతుంటే మస్టర్డ్ పీపాలు బయటపడి ఒక కూలీ చనిపోయాడు, 40 మందికి పైగా గాయపడ్డారు. యుద్ధం అయిపోయిన యాభై ఎనిమిదేళ్ళకి. ఆ కూలీకి ఆ యుద్ధంతో ఏం సంబంధం చెప్పు.

పర్లాకిమిడి_మాస్టారు:
డిపో గారు చెప్పినదానికి సిరియా కలపాలి. 2013 ఆగస్టు 21న రాజధాని డమాస్కస్ పక్కన గౌతాలో సారిన్ దాడి జరిగాక సిరియా ఒప్పందంలో చేరి 1,300 టన్నులు ఉన్నాయంది. యుద్ధం మధ్యలో లటాకియా రేవు దాకా కాన్వాయ్‌లలో తెచ్చి డెన్మార్క్, నార్వే ఓడల్లో ఎక్కించారు. వాటిలో బాగా ప్రమాదకరమైనవాటిని మా దేశంలో నాశనం చెయ్యండి అని ఎవరూ ముందుకు రాలేదు, అల్బేనియాని అడిగితే జనం రోడ్డెక్కారు. చివరికి కేప్ రే అనే అమెరికా ఓడలో యంత్రాలు బిగించి, 2014 జూలై ఆగస్టుల్లో మధ్యధరా సముద్రం మీదే దాదాపు 600 టన్నులు విరగ్గొట్టారు. చుక్క కూడా నీళ్ళలో వదల్లేదు, మిగిలిన వ్యర్థాన్ని జర్మనీ, ఫిన్‌లాండ్ తీసుకున్నాయి. అద్భుతమైన పని. అయినా సిరియా ఇచ్చిన లిస్టు అబద్ధమని తర్వాత తేలుతూ వచ్చింది, 2017లో అక్కడి ఖాన్ షేఖూన్ పట్టణంలో మళ్ళీ సారిన్ పడింది. 2024 డిసెంబర్‌లో సిరియా అధ్యక్షుడు అసద్ పారిపోయాక ఇప్పుడు వందకు పైగా చోట్లు వెతకాల్సి ఉందంటున్నారు.

రాయగడ_నీళ్ళప్లాంటు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాసినందుకు. ఆఖరిగా ఒకటి. క్లోరిన్ మాత్రం ఎవరి లిస్టులో ఉంటుంది? మా టన్నర్ల లెక్క కూడా పైకి వెళ్తుందా?

పర్లాకిమిడి_మాస్టారు:
ఈ ఒప్పందం కింద వెళ్ళదు తమ్ముడూ. ఒప్పందంలో రసాయనాల లిస్టులు, అంటే షెడ్యూళ్ళు, మూడు ఉన్నాయి. సారిన్, అలాంటిదే మరో విషం వీఎక్స్, మస్టర్డ్, ఆముదం గింజల్లోంచి వచ్చే రైసిన్ కూడా మొదటిదాంట్లో. క్లోరిన్ ఏ షెడ్యూల్లోనూ లేదు, ఎందుకంటే అది లేకపోతే నీళ్ళు లేవు, కాగితం లేదు. కానీ మనిషి మీద ఆయుధంగా వాడితే ఏ రసాయనమైనా నిషేధమే, లిస్టులో ఉన్నా లేకపోయినా. 2018 ఏప్రిల్ 7న సిరియాలోని డూమాలో ఇళ్ళ మీద రెండు పసుపు సిలిండర్లు పడి 43 మంది చనిపోయారు, అవి క్లోరిన్ సిలిండర్లు. సిరియా వైమానిక దళమే వేసిందని నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ 2023 జనవరిలో నివేదిక ఇచ్చింది.

షెడ్యూల్లో ఉన్నవాటితో పనిచేసే ఫ్యాక్టరీలు మన దేశంలో ఢిల్లీలోని జాతీయ అథారిటీకి ఏటా లెక్క పంపాలి, హేగ్ నుంచి ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూస్తారు కూడా, 2000లో దీనికి చట్టం చేశారు. మీ టన్నర్ల లెక్క చూసుకోవాల్సింది మీ ప్లాంటే. వచ్చినవి ఎన్ని, ఖాళీవి తిరిగి వెళ్ళినవి ఎన్ని, నంబర్లతో సహా రాస్తున్నారా లేదా మీ ఇన్‌చార్జిని అడుగు. రాయకపోతే రాయడం మొదలుపెట్టమను.