మూడేళ్ళ పాపని ఊళ్ళో నానమ్మ దగ్గర ఉంచడమా, డేకేర్‌లో వేయడమా?

కూకట్‌పల్లి_అమ్మ: మా పాపకి మూడేళ్ళు నిండబోతున్నాయి. ఇద్దరం ఉద్యోగస్తులం. డేకేర్ ఎందుకు, తెనాలి పంపించెయ్యండి, స్కూల్లో వేసేదాకా నేను చూసుకుంటా అంటున్నారు అత్తగారు. మావారు రెడీ. నాకే మనసొప్పడం లేదు.

రిటైర్డ్_మాస్టారు: ఆలోచించేదేముందమ్మా, పంపించు. మా మనవడికి నాలుగో ఏటికే వారాలు, తిథులు, వేమన పద్యాలు నోటికొచ్చాయి. నానమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని మెరికలు ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టేవాడు. ఏ డేకేర్ నేర్పుతుంది అది?

విజయవాడ_సుజాత: పద్యాలు సరే మాస్టారూ, అన్నం ఎలా తింటున్నాడు? మా వాణ్ణి మా అత్తగారి దగ్గర వదిలితే ముద్దకో వీడియో అలవాటు చేశారు. ఇప్పుడు ఫోన్ లేకపోతే నోరే తెరవడు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

రిటైర్డ్_మాస్టారు: ఆ ఫోన్ కొనిచ్చింది ఎవరు? నానమ్మా?

విజయవాడ_సుజాత: మేమే. వీడియో కాల్ కోసం.

డాలస్_బాబాయ్: మీరు అదృష్టవంతులు. ఇక్కడ విజిటర్ వీసా మీద ఆర్నెల్లు మా అమ్మ, ఆర్నెల్లు అత్తగారు. పాపకి ఎవరి చేతి ముద్ద అలవాటయ్యేలోపు వాళ్ళు విమానం ఎక్కేస్తారు.

క్రెష్_గుర్తుందా: కూకట్‌పల్లి గారూ, మీ ఆఫీసులో 50 మందికి పైగా ఉన్నారా? అయితే క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు పెట్టిన రూలు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసి రావచ్చు. హెచ్ఆర్‌ని అడగండి.

రిటైర్డ్_మాస్టారు: రూల్సు పిల్లని ఎత్తుకుంటాయా? జీతానికి చేసే ఆయమ్మకి మన పిల్ల ఏడిస్తే ఏం పడుతుంది?

విజయవాడ_సుజాత: జీతం అన్నారు కదా, ఒకటడుగుతా. మీ మనవడికి స్నానం చేయించి, కడిగి, రాత్రి లేచి పాలు పట్టింది మీరా, మీ ఆవిడా?

రిటైర్డ్_మాస్టారు: ఆవిడే. పద్యాలు నేను చెప్పాను. ఇందులో తప్పేముంది? ఆడవాళ్ళకి అలవాటైన పనే కదా.

విజయవాడ_సుజాత: అదీ సంగతి! ఇందాకట్నుంచి "నానమ్మ, నానమ్మ" అంటుంటే ఏమిటా అనుకున్నా.

రిటైర్డ్_మాస్టారు: మాట తప్పించకండి. మీవాడి ఫోన్ గొడవ తేలలేదు.

మోకాళ్ళ_నొప్పి: నేనూ అమ్మమ్మనే. మనవరాలంటే ప్రాణం. రెండేళ్ళన్నారు, ఈలోపు రెండోది పుట్టింది, ఐదేళ్ళయింది. ఎత్తుకుని మెట్లెక్కలేకపోతున్నా. అక్కతో కాశీ వెళ్దామంటే "వీళ్ళనెవరు చూస్తారమ్మా" అంటుంది కూతురు. తప్పు తనది కాదు, దానికీ దిక్కులేదు. కానీ నీ వల్ల అవుతుందా అని ఒక్కరూ అడగలేదు.

డాలస్_బాబాయ్: ఈ మాట మా అమ్మ కూడా అనుకుంటోందేమో.

కూకట్‌పల్లి_అమ్మ: అమ్మమ్మగారి మాట చదివి అత్తగారికి ఫోన్ చేశా. "వాడే అడిగాడమ్మా, కాదంటే నువ్వు ఉద్యోగం మానాల్సొస్తుందన్నాడు" అన్నారు. నాతో ఆ ముక్క అనలేదు మావారు. క్రెష్ సంగతి రేపు హెచ్ఆర్‌తో మాట్లాడతా. ఈ మాట ఎందుకన్నారో ఈ రాత్రికే ఆయన్ని అడగాలి.

రిటైర్డ్_మాస్టారు: ఇంట్లో గొడవలు పెట్టుకోకమ్మా.

విజయవాడ_సుజాత: పెట్టుకో.