నిల్వలో ఉన్న ఫిరంగి రీకాయిల్‌ని అప్పుడప్పుడు కదిలించాలా, ముట్టుకోకుండా ఉంచాలా?

కొత్త ఫిట్టర్:
మా షెడ్డులో ఒక 105 మి.మీ. హోవిట్జర్ ఫిరంగి మూడేళ్లుగా ఊరికే ఉంది. ఒక్క రౌండు కూడా పేల్చలేదు. రీకాయిల్ (పేలినప్పుడు గొట్టాన్ని వెనక్కి పోనిచ్చి మళ్లీ ముందుకు తెచ్చే ఏర్పాటు) పాడవకుండా ఆరు నెలలకోసారి గొట్టాన్ని వెనక్కి లాగి వదలాలని ఒక సీనియర్ అంటారు. సీలు చేసిన దాన్ని కెలక్కూడదని ఇంకొకరు అంటారు. ఎవరి మాట వినాలి?

ప్యాకింగ్ రింగ్:
కదిలించాలి తమ్ముడూ. 1897 నాటి ఫ్రెంచ్ 75 మి.మీ. ఫిరంగి నుంచి ఇప్పటి 155 మి.మీ. దాకా హైడ్రోన్యూమాటిక్ (ఆయిల్, గ్యాస్ కలిసి పనిచేసే) రీకాయిల్ సూత్రం ఒకటే. పేలినప్పుడు వచ్చే తోపును బఫర్‌లో ఆయిల్ మింగుతుంది, రికూపరేటర్‌లో నొక్కుకుపోయిన గ్యాస్ గొట్టాన్ని మళ్లీ ముందుకు తెస్తుంది. రెండింటినీ కాపాడేది పిస్టన్ రాడ్డు చుట్టూ ఉండే ప్యాకింగ్, అంటే ఆయిల్, గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు సీలు. నెలల తరబడి ఒకే చోట నొక్కుకుని ఉంటే రబ్బరు ఆ ఆకారానికే స్థిరపడిపోతుంది, సాగే గుణం పోతుంది. రాడ్డు మీది ఆయిల్ పొర కూడా మెల్లగా కిందికి జారిపోతుంది. అది పోయిన చోటే తుప్పు మొదలవుతుంది. గొట్టాన్ని ఒకసారి పూర్తిగా లాగి తెస్తే రాడ్డంతా మళ్లీ తడుస్తుంది. జానెడు లాగి సరే అనుకుంటే చాలదు, పూర్తి పొడవు రావాలి.

పొడి షెడ్డు:
రింగ్ గారూ, మీరు చెప్పింది శుభ్రమైన వర్క్‌షాప్‌కి సరిపోతుంది. షెడ్డుల్లో జరిగేది వేరు. లాగినప్పుడు బయటకు వచ్చే రాడ్డు ఆయిల్‌తో తడిగా ఉంటుంది, గాల్లో దుమ్మంతా దానికి అంటుకుంటుంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఆ ఇసుక రేణువుల్ని ప్యాకింగ్‌లోకి లాక్కెళ్తుంది. నేను విప్పిన చాలా ప్యాకింగుల మీద నిలువు గీతలే కనిపించాయి. షెడ్డులో తేమ 50 శాతం లోపు ఉంచండి, బయటి భాగాలకు రక్షణ గ్రీజు పూయండి, గుడ్డ కప్పండి. ఎంత తక్కువ కదిలిస్తే అంత మేలు.

ప్రమాదం సంగతి కూడా మర్చిపోవద్దు. వెనక్కి లాగిన గొట్టం వెనక గ్యాస్ బలం కాచుకుని ఉంటుంది. గొలుసు జారితే ఎదురుగా ఉన్న మనిషి గతి ఏమిటి?

ప్యాకింగ్ రింగ్:
ప్రమాదం గురించి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే లాగే సాధనం బాగుందని తేలాకే పని మొదలవ్వాలి, గొట్టం వెళ్లే దారిలో ఎవ్వరూ నిలబడకూడదు. కానీ పొడి గాలి తుప్పును ఆపుతుంది గానీ, నొక్కుకుపోయిన రబ్బరుకు ఏం చేస్తుంది సార్? ఒక చోట లాగ్‌బుక్‌లో వరుసగా మూడు ఎంట్రీలు చూశాను. ఒకే చేతిరాత, ఒకే సిరా, మూడింట్లోనూ ‘బాగుంది’. మొదటిసారి నిజంగా లాగిన రోజున రాడ్డు మొదట్లో బొటనవేలంత వెడల్పున తడి కనిపించింది. అరగంటలో కింద నేల మీద మడుగైంది. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

గేజ్ మనిషి:
మధ్యలో ఒక మాట. కదిలించినా మానినా, గ్యాస్ ఒత్తిడి రాసేటప్పుడు ఉష్ణోగ్రత కూడా రాయండి. 20 డిగ్రీల దగ్గర చూసిన ఒత్తిడి 40 డిగ్రీలకు దాదాపు 7 శాతం పెరుగుతుంది. చలికాలంలో తగ్గిందని నైట్రోజన్ నింపేసి, ఎండాకాలంలో ఎక్కువైందని టెన్షన్ పడతారు. గొట్టం పూర్తిగా ముందుకు రాకపోతే వెంటనే గ్యాస్ ఎక్కించేయకండి. ఆయిల్ ఎక్కువైందా, ప్యాకింగ్ బిగుసుకుందా అని ముందు చూడండి. ఆయిల్ కలపాలన్నా మాన్యువల్‌లో చెప్పిన రకమే. పాత ఫిరంగుల్లో కొన్నింటికి గ్లిజరిన్ ద్రవం వాడేవాళ్లు. ఆ సీళ్లకు ఖనిజ నూనె తగిలితే ఉబ్బిపోవచ్చు.

కొత్త ఫిట్టర్:
ఈరోజు పొద్దున్నే షెడ్డు ఊడ్చి, నేల తడిపి, మాన్యువల్ పక్కన పెట్టుకుని సీనియర్ సమక్షంలో చాలా నెమ్మదిగా లాగించాం. జానెడు వచ్చేసరికి, మూడేళ్లుగా ప్యాకింగ్ కూర్చున్న చోట రాడ్డు చుట్టూ గోధుమరంగు చుక్కల వలయం బయటపడింది. తుడిచి గోరుతో రాస్తే గోరు తగులుకుంటోంది. అక్కడితో ఆపేశాం. ఇప్పుడు గొట్టాన్ని మళ్లీ ముందుకు పంపాలంటే ఆ వలయం ప్యాకింగ్ లోంచే వెళ్లాలి కదా?

పొడి షెడ్డు:
వెళ్లాల్సిందే. శుభ్రంగా తుడిచి, అదే రకం ఆయిల్ రాసి, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా ఒక్కసారే ముందుకు పంపండి. ఆ పైన ముట్టుకోవద్దు. విప్పి చూసేదాకా పేల్చకూడదని ట్యాగ్ కట్టండి. పూర్తి పొడవున నాలుగైదు సార్లు ఆడించి ఉంటే ఆ వలయం ప్యాకింగ్‌ని ఆకురాయిలా కోసేసేది. నేను భయపడింది ఇందుకే.

ప్యాకింగ్ రింగ్:
ఆపడం మంచి పని తమ్ముడూ. పొడి షెడ్డు గారు చెప్పినట్టే చెయ్యి. కానీ సార్, ఆ వలయం ఈరోజు పుట్టింది కాదు. మొదటి ఏడాదే రెండుసార్లు కదిలించి ఉంటే అక్కడ ఆయిల్ ఎండేది కాదు. ఫిట్టర్, విప్పాక ప్యాకింగ్ లోపలి అంచు ఫొటో పెట్టు. నిలువు గీతలుంటే సార్ మాట, చదునుగా నొక్కుకుపోయి ఉంటే నా మాట.

కొత్త ఫిట్టర్:
ట్యాగ్ కట్టేశాం. విప్పడానికి వచ్చే వారం అనుమతి వస్తుంది, ఫొటో తప్పకుండా పెడతాను.