కొండ అడవిలో కూతలు వినిపిస్తున్నాయి కానీ ఒక్క పిట్టా కనిపించట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
వేసవి మొదట్లో బాగుంటుందని పిట్టల్నీ అడవి పూలనీ చూడటానికి పోయిన ఆదివారం కొండ అడవికి వెళ్లాను. తొమ్మిదింటికి మొదలుపెట్టి నాలుగు గంటలు నడిచాను. చుట్టూ ఒకటే కూతలు, కళ్లకి మాత్రం ఆకులు కదలడం తప్ప ఏమీ దొరకలేదు. కొత్త బైనాక్యులర్ (8×42) ఎత్తేసరికి పిట్ట ఉన్న కొమ్మ ఏదో కూడా తెలియట్లేదు. కొండ కింద పూలు కూడా చాలావరకు వాడిపోయి గింజ కట్టేశాయి. ఈ వారం మళ్లీ వెళ్తున్నాను, ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చెప్పండి.

జవాబు 1:
తొమ్మిదంటే బాగా ఆలస్యం అండి. మసక వెలుతురు ఉండగానే అక్కడికి చేరుకోవాలి, పిట్టలు ఎక్కువగా పాడేది అప్పుడే. అయినా అసలు చిక్కు మీ నాలుగు గంటల నడక. వాగు పక్కనో, చెట్లు పలచబడి ఎండ పడే చోటో చూసుకుని, చెట్టుకి ఆనుకుని ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదట్లో ఏమీ జరగదు, లేచిపోవాలనిపిస్తుంది, లేవకండి. మీరు వచ్చారని భయపడి సద్దుమణిగినవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ బయటికి వస్తాయి.

బైనాక్యులర్ మార్చక్కర్లేదు. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. అడవి నీడకి అది సరిపోతుంది. పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్నే కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి, ఒక్కసారి కిందకి చూశారా, పిట్ట పోయినట్టే.

జవాబు 2:
పూల సంగతి నేను చెప్తాను. కింద అయిపోతే పైకి ఎక్కండి. వెయ్యి మీటర్ల ఎత్తుకి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి కింద గింజ కట్టిన మొక్కే పైన ఇంకా మొగ్గ మీద ఉంటుంది. హాప్కిన్స్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త 1918లో దీనికి లెక్క కూడా కట్టారు, 400 అడుగులు పైకి వెళ్తే వసంతం దాదాపు నాలుగు రోజులు ఆలస్యం అని. వాలు ఎటువైపు ఉంది, నీడ ఎంత అనేదాన్ని బట్టి మారుతుంది కానీ, నాకు చాలాసార్లు పనికొచ్చింది.

దట్టమైన చెట్ల కింద ఎక్కువ వెతక్కండి, ఆకు తొడిగాక అక్కడ నేలకి ఎండ అందదు. అడవి అంచులు, బండల సందులు, చెట్టు కూలి ఖాళీ అయిన చోట్లు చూడండి. ఫోటో తీస్తే పువ్వొక్కటే కాదు, ఆకు, కాడ, పువ్వు వెనకభాగం కూడా తీయండి, లేకపోతే తర్వాత పేరు తేల్చడం కష్టం. వీలైతే పదిరెట్లు చూపించే చిన్న భూతద్దం జేబులో పెట్టుకోండి. నేను మొదటిసారి దాంతో ఒక ఊదారంగు పువ్వులోకి చూస్తే, రేకు అంచు నుంచి లోపలి గొంతు దాకా సన్నటి ముదురు గీతలు, తేనె ఎటుందో తేనెటీగకి దారి చూపేవి. అరగంట అక్కడే ఉండిపోయాను.

జవాబు 3:
దయచేసి ఫోన్లో కూత పెట్టి పిట్టని పిలవకండి. ఇది గూళ్ల కాలం. ఇంకో మగపిట్ట తన చోటుకి వచ్చిందనుకుని, పిల్లలకి మేత తేవడం మానేసి కొట్లాటకి వస్తుంది. కూత విని అది ఏ పిట్టదో చెప్పే మెర్లిన్ యాప్‌ని వినడానికి వాడుకోండి, కానీ అది చూపించిన పేరుని కళ్లతో చూశాకే రాసుకోండి. ఇంకోటి, రెక్కలొచ్చీరాని పిల్ల నేల మీద కనిపిస్తే తెచ్చేయకండి, చాలావరకు తల్లి దగ్గర్లోనే ఉంటుంది. తెలియక ఒకసారి ఇంటికి తెచ్చాను. రెండు రోజులకి చనిపోయింది. ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండి. ఈసారి ఐదున్నరకే వెళ్లి వాగు పక్కన కూర్చున్నాను. ఎండిన చెట్టు మాను లోపల్నుంచి ఆగకుండా కిచకిచమని చప్పుడు. కాసేపటికి వడ్రంగిపిట్ట నోటి నిండా పురుగులతో వచ్చి, తోకని మానుకి ఆనించి, తొర్రలోకి తల పెట్టింది, చప్పుడు ఇంకా పెరిగింది. నలభై నిమిషాల్లో ఆరుసార్లు వచ్చింది. పైకి ఎక్కడం మాత్రం కుదరలేదు, పూలకోసం వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను.